ఫిలడెల్ఫియాలో మంటలార్పినవారి టోపీలు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి వెళ్ళినవారు సాధారణంగా పగులు బారిన ఆ ప్రసిద్ధ గంటను, స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన భవనాన్ని చూసి తిరిగి వచ్చేస్తారు. అక్కడి నుంచి డెలావేర్ నది వైపు కొద్దిసేపు నడిస్తే రెండవ వీధి వస్తుంది. ఆ వీధి ఉత్తర భాగంలో 1902లో కట్టిన ఒక పాత అగ్నిమాపక కేంద్రం ఉన్నది. ఇప్పుడది ఫైర్‌మెన్స్ హాల్ అనే మ్యూజియం. మా అమ్మాయి కుటుంబం ఆ నగర శివారులో ఉంటున్నందువల్ల, పదేళ్ళ మనుమరాలిని వెంటబెట్టుకొని ఒక పూటంతా అక్కడ గడిపే అవకాశం నాకు కలిగింది. పిల్లలు అక్కడి పాత ఇంజన్ల దగ్గరకు పరుగు తీస్తారు. నన్ను నిలబెట్టినవి మాత్రం టోపీలు.

అవి మనమెరిగిన హెల్మెట్లు కావు. నిటారైన గొట్టంలాంటి ఎత్తు టోపీలు. చుట్టూ వెడల్పాటి అంచు. వాటికి పూసిన రంగులు నలుపు, ఎరుపు, పచ్చ, నీలం. ముందు భాగాన ఒక బొమ్మ, దాని పైనా కిందా సంస్థ పేరు, వెనుక అది స్థాపితమైన సంవత్సరం, నడినెత్తిన ధరించినవాని పేరులోని మొదటి అక్షరాలు. అక్షరాలకు అసలైన బంగారు రేకు అద్దారు. నూటయాభై ఏళ్ళు దాటినా కొన్నిటిపై ఆ మెరుపు ఇంకా తగ్గలేదు. ఇలాంటివి ఫిలడెల్ఫియాలోనే కాక పెన్సిల్వేనియాలోని చిన్న పట్టణాల స్థానిక చరిత్ర సంఘాలలో కూడా అద్దాల పెట్టెలలో కనిపిస్తాయి. ఒక ఊరి చరిత్ర దాచుకొనే చోట రాజుల కిరీటాలుండవు. వారి తాతలు మంటలార్పడానికి పెట్టుకొన్న టోపీలుంటాయి.

మంటలార్పడానికి టోపీ ఎందుకన్నది తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. 1736 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రులతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించాడు. అక్కడ ‘కంపెనీ’ అంటే వ్యాపార సంస్థ అని కాదు, స్వచ్ఛందంగా చేరిన ఇరుగుపొరుగువారి దండు అని అర్థం. ఒక్కొక్క సభ్యుడు తన ఇంట్లో తోలు బొక్కెనలను, గట్టి నార సంచులను సిద్ధంగా ఉంచుకోవాలి. బొక్కెనలు నీటికి, సంచులు సామాను బయటకు చేరవేయడానికి. వేసవిలో తాటాకు ఇళ్ళకు నిప్పంటుకొన్నప్పుడు చెరువు నుంచి బిందెలతో వరుసకట్టి నీళ్ళందించే పల్లెవాసులను చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. అలాంటి గందరగోళంలో సహాయానికి వచ్చినవాడెవడో, సామాను దొంగిలించడానికి వచ్చినవాడెవడో తెలియదు. చీకటి, పొగ, అరుపులు. ఎవరు ఏ దండుకు చెందినవారో దూరం నుంచే తెలియడానికి గుర్తు కావలసి వచ్చింది. ఆ అవసరాన్ని మొదట బొక్కెనపై రాసిన పేరు తీర్చింది, తరువాత టోపీపై రాసిన పేరు.

1803లో ఫిలడెల్ఫియా హోస్ కంపెనీ ఏర్పడింది. అప్పటికి రెండేళ్ళ ముందే నగరంలో నీటి గొట్టాల ఏర్పాటు మొదలైంది. కాబట్టి వీధి గొట్టానికి తోలు గొట్టం తగిలించి నీటిని నేరుగా మంటల దాకా తీసుకుపోవచ్చునని వారు నిరూపించారు. దానితో ఒక్కొక్క పేటలో ఒక్కొక్క దండు పుట్టుకొచ్చింది. కొన్నిటికి నీరు చిమ్మే ఇంజన్, కొన్నిటికి గొట్టాల బండి. గుర్రాలు లేవు, తాళ్ళు పట్టుకొని మనుషులే ఈడ్చుకు వెళ్ళేవారు. జీతం లేదు. వడ్రంగి, కమ్మరి, చిల్లర వర్తకుడు, గుమాస్తా గంట మోగగానే పని వదిలి పరుగెత్తేవారు. ఆ పరుగులో వారి ఒంటిమీద ఉన్నవాటిని కూడా మ్యూజియాలు భద్రపరిచాయి. భుజాల మీదుగా వీపు మీదికి దిగే పొట్టి కేపు ఒకటి. నార గుడ్డకు నూనె రంగు దట్టంగా పట్టించి తయారుచేసేవారు కాబట్టి నీరు, నిప్పురవ్వలు దానిపై నిలవవు. దాని వీపు భాగంలోనూ దండు పేరే. వెడల్పాటి తోలు నడికట్టుపైనా పేరే. నాయకుని చేతిలో ఇత్తడి బూర ఉండేది, ఊదడానికి కాదు, దానిలోంచి అరిచి ఆజ్ఞలివ్వడానికి. అదే బూరను వెండితో చేయించి, పూలతీగలు చెక్కించి పదవీ విరమణనాడు బహూకరించేవారు.

కేపులు నాకు చాలా నచ్చాయి. ఒకసారి మడత పెట్టిన చోట రంగు పగిలి గుడ్డ బయటపడుతుంది. అందుకే వాటిని మడవకుండా చదునుగా పరచి ఉంచాలి. ఎవరింట్లోనో పెట్టె అడుగున నాలుగు మడతల్లో ఏళ్ళతరబడి పడివున్న కేపును చూడగానే గుర్తుపట్టవచ్చు. శిలువ ఆకారంలో రెండు పగుళ్ళు దాని మీద ఉంటాయి.

ఇక టోపీల తయారీ. ఉన్నినో, బొచ్చునో తడిపి, ఒత్తి, దట్టంగా అంటుకుపోయేలా చేసిన గుడ్డను మన ఇళ్ళలో నమ్దా అంటాము. దానినే చెక్క అచ్చుపై బిగించి, లక్క ద్రావణం పట్టించి గట్టిపరిస్తే టోపీ ఆకారం నిలుస్తుంది. దానిపై నూనె రంగులు, ఆపైన వార్నిష్. ఆ శతాబ్దంలో టోపీల పరిశ్రమలో బొచ్చును అతుక్కొనేలా చేయడానికి పాదరసపు లవణాన్ని వాడేవారు. దాని ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, మాట తడబడేది, మనసు చెదిరేది. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ టోపీల పట్టణంగా పేరుమోసింది. అక్కడి పనివారి వణుకుకు ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది. పాత నమ్దా టోపీలలో పాదరసం, పురుగులు పట్టకుండా పూర్వం చల్లిన విషపు మందుల అవశేషాలు మిగిలి ఉండవచ్చునని మ్యూజియం ఉద్యోగులు వాటిని ఒట్టి చేతులతో ముట్టుకోరు. తలపై పెట్టుకొని ఫోటో దిగుదామనే ఉబలాటం మ్యూజియంలో చెల్లదు.

ఈ టోపీ నిప్పును ఎంతవరకు ఆపేదో చెప్పనక్కరలేదు. ప్రమాద స్థలంలో పనికివచ్చే శిరస్త్రాణాన్ని న్యూయార్కులో సామాను పెట్టెలు తయారుచేసే హెన్రీ గ్రాటకాప్ అనే తోలు పనివాడు తీర్చిదిద్దాడు. దళసరి తోలు ముక్కలను కుట్టి, కుట్ల వెంట ఎత్తైన కణుపులు నిలిపి, వెనుకవైపు అంచును పొడుగ్గా సాగదీశాడు. పైనుంచి పడే నీరు, నిప్పురవ్వలు మెడలోకి జారకుండా వీపు మీదుగా పోవడానికి ఆ ఏర్పాటు. మంటకు ఎదురుగా నిలబడాల్సి వస్తే టోపీని వెనుకకు తిప్పి పెట్టుకొని ఆ అంచుతోనే ముఖాన్ని కాపాడుకొనేవారు. ఈనాటికీ అమెరికా అగ్నిమాపకుల హెల్మెట్ రూపం అదే. దానికింద ఎర్రటి ఫ్లానెల్ చొక్కా వారి వేషంగా స్థిరపడింది. ఫిలడెల్ఫియా ఎత్తు టోపీ మాత్రం క్రమంగా ఊరేగింపులకే పరిమితమైంది. మంటల దగ్గర తోలు, వీధిలో బంగారు అక్షరాలు. నా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఊరేగింపు టోపీలపై బొమ్మలు చూడండి. ఫ్రాంక్లిన్ పేరు పెట్టుకొన్నవారు ఫ్రాంక్లిన్‌ను, లాఫయెట్ పేరు పెట్టుకొన్నవారు ఆ ఫ్రెంచి సేనానిని వేయించుకొన్నారు. 1752లో ఏర్పడిన హైబర్నియా దండు ఐర్లండు చిహ్నమైన వీణను ఎంచుకొన్నది. డేగలు, దేవతామూర్తులు, ఆదివాసి నాయకులు, కరచాలనం చేస్తున్న చేతులు కూడా కనిపిస్తాయి. దండు పేర్లే చెవికి ఇంపుగా ఉంటాయి. వాటిని తెలుగులో చెప్పుకొంటే సద్భావన, సహాయం, జాగరూకత, శ్రద్ధ. ఇన్ని మంచి మాటలు టోపీలపై రాసుకొన్నవారి మధ్య ఆ శతాబ్దపు నడిమికి వీధి యుద్ధాలు జరిగాయి. ముందుగా నీటి కొళాయి దగ్గరికి చేరేదెవరన్న పోటీతో మొదలై, ఒకరి గొట్టాలు ఒకరు కోసుకోవడం, రాళ్ళు, కర్రలు, చివరకు తుపాకులు. ఎదుటి దండును రప్పించి కొట్టడానికి నిప్పు పెట్టిన ఘటనలు కూడా ఉన్నాయి. చీకట్లో తోడ్పడేవారిని గుర్తించడానికి పుట్టిన పేరు, పట్టపగలు శత్రువును గుర్తించడానికి ఉపయోగపడసాగింది.

ఆ పేరు అందరికీ దక్కలేదు కూడా. 1818లో ఆ నగరపు నల్లజాతివారు తమ ఇళ్ళను తామే కాపాడుకొందామని ఆఫ్రికన్ ఫైర్ అసోసియేషన్ అనే దండును ఏర్పాటు చేసుకోబోయారు. తెల్లవారి దండ్లన్నీ సమావేశమై, దీనివల్ల నగరంలో శాంతి సామరస్యాలకు భంగం కలుగుతుందని తీర్మానించాయి. మంటలార్పుతామని ముందుకు వచ్చినవారి వల్ల శాంతికి భంగమట! పరిస్థితి ప్రమాదకరంగా మారుతుందని గ్రహించి నల్లజాతి పెద్దలే సభ జరిపి ఆ ప్రయత్నాన్ని విరమింపజేశారు. దానికి టోపీ లేదు, కేపు లేదు. కాబట్టి ఏ మ్యూజియం అద్దం వెనుకా దాని గుర్తు కనిపించదు.

కానీ ఆ టోపీలలో కొన్నిటిని చిత్రించిన చేయి ఎవరిది? డేవిడ్ బస్టిల్ బౌసర్ 1820లో ఫిలడెల్ఫియాలో పుట్టిన నల్లజాతి చిత్రకారుడు. బంధువైన రాబర్ట్ డగ్లస్ దగ్గర చిత్రకళ నేర్చి, దుకాణాల బోర్డులు, జెండాలు, అగ్నిమాపక దండ్ల టోపీలు, పతాకాలు రాసి కుటుంబాన్ని పోషించుకొన్నాడు. తనను సభ్యునిగా చేర్చుకోని దండ్లకు తన కుంచెతో శోభ చేకూర్చాడు. ఆ బొమ్మలలో నిర్లక్ష్యపు గీత ఒక్కటి కూడా వెదకలేము. అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియా సమీపాన నల్లజాతి సైనిక దళాలకు శిక్షణ ఇచ్చినప్పుడు వారి జెండాలను రాసింది కూడా ఆయనే. ఆ జెండాలలో దాదాపు అన్నీ తరువాతి కాలంలో నశించిపోయాయి. 127వ దళానిది ఒకటి మిగిలితే, 2019లో అట్లాంటా హిస్టరీ సెంటర్ దానిని వేలంలో కొని దాచింది. స్వజనులకు రాసిన జెండాలు పోయి, తనను దూరముంచిన వారికి రాసిన టోపీలు మిగలడం విచిత్రమే. టోపీలను దాచుకోవడానికి వారి వారసులకు అటకలు, పెట్టెలు, చరిత్ర సంఘాలు ఉన్నాయి.

మ్యూజియం నుంచి పశ్చిమంగా నాలుగు వీధులు దాటితే ఆరవ వీధి. ఆ వీధిలో 1838 మే 14న పెన్సిల్వేనియా హాల్ అనే పెద్ద సభాభవనం తెరుచుకొన్నది. బానిసత్వ నిర్మూలన కోరేవారు చందాలు పోగుచేసి కట్టుకొన్న భవనం. మూడు రోజులు గడిచాయి. నల్లవారు, తెల్లవారు, స్త్రీలు, పురుషులు ఒకేచోట కూర్చొని ప్రసంగాలు వినడం సహించలేని గుంపు మే 17 రాత్రి దానికి నిప్పు పెట్టింది. అగ్నిమాపక దండ్లు వచ్చాయి. ఇంజన్లు, గొట్టాలు తెచ్చుకొన్నాయి. పక్క ఇళ్ళ మీద నీళ్ళు చల్లుతూ నిలుచున్నాయి. హాలు మీద చుక్క చల్లలేదు. హాలు వైపు గొట్టం తిప్పబోయిన ఒక దండు మీదికి మిగతావారు తమ గొట్టాలు తిప్పారని చెబుతారు.

మరునాడు గుంపు నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమం మీద పడింది. ఇక్కడ ఒక మేజిస్ట్రేటుతో పాటు గుడ్ విల్ అనే దండు అడ్డు నిలిచి ఆ ఇంటిని కాపాడింది. 1849 అక్టోబరులో నల్లజాతివారి పేటలో ఒక విడిదికి నిప్పు పెట్టినప్పుడు కూడా మంటలార్పడానికి వచ్చింది గుడ్ విల్‌వారే. ఆ రాత్రి గుంపు కాల్పులలో వారి సభ్యుడొకడు ప్రాణం కోల్పోయాడు. ఆ దండు టోపీ మీద ఉన్న రెండు మాటలకు సద్భావన అని అర్థం. అందరి టోపీలూ అబద్ధమాడలేదని నమోదు చేయడం న్యాయం కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను.

నాల్గవ వీధిలో సెయింట్ అగస్టీన్ చర్చి ఉన్నది. మ్యూజియం నుంచి నడిచే వెళ్ళాము. ఐర్లండు నుంచి వలస వచ్చిన కాథలిక్కుల సంఖ్య పెరుగుతున్న రోజులవి. వారు పరాయి మతగురువుకు విధేయులు, ఈ దేశానికి కారు అనే ప్రచారం ఒకవైపు, బడులలో ఏ బైబిల్ చదవాలన్న వివాదం మరొకవైపు. 1844 మే 6న కెన్సింగ్టన్ పేటలో అల్లర్లు రేగాయి. 8వ తేదీన అక్కడి సెయింట్ మైకేల్ చర్చిని, అదే రాత్రి నగరం నడిబొడ్డునున్న సెయింట్ అగస్టీన్ చర్చిని కాల్చివేశారు. అక్కడి గ్రంథాలయం బూడిదైంది. ఒకప్పుడు స్వాతంత్ర్య భవనం గోపురంలో మోగిన, ప్రసిద్ధ లిబర్టీ బెల్‌కు సోదరి అనదగిన గంట ఆ చర్చిలో ఉండేది. అదీ పోయింది. అగ్నిమాపకులు ఈసారి కూడా చుట్టుపక్కల ఇళ్ళనే తడిపారు. శిథిలాలలో నిలిచిన గోడ మీద ‘ప్రభువు చూస్తున్నాడు’ అనే అక్షరాలు మాత్రం మసిబారకుండా మిగిలాయని ఆనాటివారు రాసుకొన్నారు. సంఘంవారు నగరంపై దావా వేసి నష్టపరిహారం పొంది, మళ్ళీ కట్టుకొన్నారు. 1848 నుంచి నిలిచివున్నది ఆ కట్టడమే.

ఆ అల్లర్లలో చనిపోయిన షిఫ్లర్ అనే వలస వ్యతిరేక యువకుని పేరిట తరువాత ఒక గొట్టాల దండు ఏర్పడింది. దానికి బద్ధశత్రువు ఐరిష్ కాథలిక్కుల మొయమెన్సింగ్ దండు. ఇరువురి టోపీలనూ నేడు ఒకే రకం సామానుగా పక్కపక్కనే పెట్టవచ్చు.

చర్చి మెట్ల దగ్గర మనుమరాలు నా చేయి పట్టుకొని అడిగింది.

“నానీ, నీళ్ళున్నాయి కదా! మరి ఎందుకు ఆర్పలేదు?”

“పక్క ఇళ్ళను కాపాడారు బేటీ.”

“ఇది కూడా ఇల్లే కదా, నానీ?”

“అవును బేటీ, ఇదీ ఇల్లే” అన్నాను. ఆ దండ్లవారికి గుంపు భయం ఉండవచ్చు. గుంపులో వారి అన్నదమ్ములే ఉండవచ్చు. చరిత్రకారులు రెండూ చెబుతారు. పదేళ్ళ పిల్లకు ఈ రెండింటిలో ఏది చెప్పినా అది జవాబు కాదు. ఎవరి దైవారాధన స్థలమైనా కాలుతుండగా చూస్తూ నిలబడటం ఎలాంటిదో మన దేశంలో పెరిగినవారికి వివరించనవసరం లేదు.

ఇలాంటి దండ్ల చేతిలో నగరాన్ని ఎంతకాలం ఉంచగలరు? 1853లో సిన్సినాటి నగరం జీతాలిచ్చే అగ్నిమాపక శాఖను నెలకొల్పింది. ఆవిరి ఇంజన్లు వచ్చాయి. గుర్రాలు లాగే ఇంజనుకు తాళ్ళు పట్టే వందమంది అక్కరలేదు. న్యూయార్కు 1865లో మారింది. ఫిలడెల్ఫియా చివరిదాకా బెట్టు చేసి 1871 మార్చిలో స్వచ్ఛంద దండ్లను పక్కనబెట్టి ప్రభుత్వ శాఖను ప్రారంభించింది. ఇంజన్లు అమ్ముడుపోయాయి. టోపీలు ఇళ్ళకు చేరాయి. మేకుకు తగిలించినవి కొన్ని, పిల్లలు ఆడుకొన్నవి కొన్ని, చెదలూ పురుగులూ తిన్నవి అనేకం. మిగిలినవాటిని మనుమలు తెచ్చి స్థానిక చరిత్ర సంఘాలకు ఇచ్చారు. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఒక పెద్ద బీమా సంస్థ కూడా వీటిని తరాలపాటు సేకరించింది. ఆ భాండాగారం 2005లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది.

మ్యూజియాలలో వాటిని మసక వెలుతురులో ఉంచుతారు. రంగులు వెలిసిపోకుండా ఆ జాగ్రత్త. అద్దానికి ముఖం ఆనించి చూస్తేగాని బొమ్మ అంచులోని సన్నని గీతలు కనబడవు. నడినెత్తిన ఉన్న అక్షరాలు నాకు ఎంత నిక్కి చూసినా సరిగా ఆనలేదు. చరిత్ర సంఘాలవారికి అవే ముఖ్యం. ఆ రెండు మూడు అక్షరాలను దండు సభ్యుల పాత జాబితాతో పోల్చి చూసి టోపీ ఎవరిదో తేల్చుకొంటారు. అప్పుడు ఆ మనిషి ఏ వీధిలో ఉన్నాడో, ఏ పని చేసేవాడో, ఫలానా రాత్రి సభ్యుల హాజరు పట్టీలో అతని పేరు ఉన్నదో లేదో వెదకవచ్చు. జాబితా దొరకని టోపీలపై కేవలం దండు పేరు, కాలం రాసి ఊరుకొంటారు. ఆ అక్షరాలు టోపీ మీద మాత్రం అలాగే ఉంటాయి, పై అంతస్తు కిటికీలోంచి చూసేవారికి తప్ప కనిపించని చోట.